మా ఆయన ఎడమ బుగ్గ తిరిగి వచ్చిన సంగతి

ఆ కబురు నాకు మొదట తెచ్చినవాడు బియ్యం బండి తోలే అప్పన్న. ఫిబ్రవరి నెల, రబ్బరు చెట్లు ఆకు రాల్చే కాలం. మలయా దేశంలో బంటింగ్ దగ్గర మా రబ్బరు తోటలో ఇళ్ళ వరస ముందు ఎర్రటి ఆకు గుట్టలు పడి ఉంటే ఊడుస్తున్నాను. అప్పన్న బండి ఆపకుండానే కేకేసినాడు.

"ఒలే సెల్లీ, మీ ఆయన క్లాంగ్ నుంచి వొచ్చీసినాడు. బస్సు దిగినాడు. మొహం ఒక పక్కే వొచ్చింది."

"రెండో పక్క ఏటైంది అన్నా?"

"అదే నాకూ తెలీదు. నన్ను సూసి నవ్వినాడు. కుడి పక్క నవ్వింది. ఎడం పక్క కోపంగా ఉండిపోనాది. ఏ పక్కకి జవాబు సెప్పాలో తెలీక బండి తోలుకొచ్చీసినాను."

అప్పన్న మాట నేను సగమే నమ్మినాను. అంతకు ముందు నెలలో దొరగారి కుక్క చచ్చిపోయిందని అదే బండి మీంచి చెప్పినాడు, అది నిద్రపోతున్నది. కాని మా ఆయన మలుపు తిరిగి కనబడేసరికి, ఈసారి అప్పన్న ఉన్నదున్నట్టు చెప్పినాడని తెలిసింది. భుజాన బూర సంచి. కుడి చేత్తో ఎడమ బుగ్గను కింద నుంచి పట్టుకొని, ఎవరిదో అరువు తెచ్చిన గిన్నెను జాగ్రత్తగా తెస్తున్నట్టు మోసుకొస్తున్నారు.

"పొద్దున్న పుక్కిలించబోతే నీళ్ళు నిలవలేదు రూతూ," అన్నారు. మాట కూడా ఎడమ పక్క నుంచి జారిపోతున్నది. ఎడమ కన్ను మూతపడటం లేదు.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. నెమ్మది పడ్డాక రాస్తున్నాను. రాస్తే నా మనసు తిన్నబడుతుందని కొంత. మీ ఇంట్లో ఎవరికైనా తెల్లారి లేచేసరికి మొహం ఇలా ఒక పక్కకు పోతే, మాలాగ భయపడి వెర్రి పనులు చెయ్యకుండా ఉంటారని కొంత. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్న బైబిలు పాఠం చెప్పుకుంటూ తోటలు తిరిగేవాడు. చేటలో బియ్యం పరిచి వేలితో అక్షరాలు దిద్దించినాడు. తప్పులుంటే ఆ బియ్యానివి అనుకోండి.

మా అత్త లోపలినుంచి వచ్చింది. ఆమె పేరు ఎర్రమ్మ. బాప్తిస్మం నాడు మరియమ్మ అయ్యింది గాని ఆ పేరుతో పిలిస్తే తిరిగి చూడదు. కొడుకు మొహాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకొని, సంతలో గుమ్మడికాయ ఎంచినట్టు వేళ్ళతో తడిమి తడిమి చూసింది.

"మెత్తగా అయిపోనాది," అంది. "నాను సెప్పినానా లేదా? ఆ బూర నోట్లో సెయ్యి ఎట్టొద్దురా, ఎట్టొద్దురా అని మొత్తుకున్నాను. నువ్వు ఇటునుంచి గాలి ఊదుతావు. అటు సెయ్యి అడ్డం ఎడతావు. మరి గాలి ఎటు పోవాల? ఎనక్కి తిరిగొచ్చి నీ మొహం మీదే కొట్టినాది."

ఆ మాటకు మా ఆయన నవ్వినారు. కుడి పక్క.

బూర సంగతి చెప్పకపోతే మా అత్త భయం మీకు అర్థం కాదు. మా ఆయన క్లాంగ్‌లో మిషను బడిలో చదివేటప్పుడు అక్కడ మనీలా నుంచి వచ్చిన ఒక మాస్టరు పిల్లలకు బ్యాండు నేర్పేవారు. వాయిద్యాలు పంచిన రోజున మా ఆయన బస్సు తప్పిపోయి ఆఖరున చేరినారు. బాకాలు, డప్పులు అందరూ పట్టుకుపోగా మూల ఒకటే మిగిలి ఉంది. జంతికలా చుట్టలు చుట్టిన ఇత్తడి హార్ను. దాని వెడల్పు నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. వాయించేవాడు కుడి చెయ్యి అందులోకి దూర్చి, చెయ్యి తెరిచీ మూసీ స్వరాన్ని మెత్తన చేస్తాడు. మాస్టరు అప్పుడే చెప్పినారట: "ఇది అన్నిటికన్న మొండిది. పెదవి ఒక వెంట్రుక వాసి తప్పితే వేరే స్వరం పలుకుతుంది. ఇది పట్టుకున్నవాడి ఆస్తంతా పెదవులే."

ఆ ఆస్తితోనే ఆయన పైకి వచ్చినారు. తోటలో రబ్బరు పాలు తూచే షెడ్డు వెనక రోజూ సాధన చేసేవారు; ఆవులు వచ్చి చుట్టూ నిలబడేవి. తరువాత మాస్టరుతో కలిసి క్లాంగ్‌లో మూగ సినిమా బొమ్మల ఆటకు, తెర కింద కూర్చుని వాయించేవారు. ఇంతలో మాట్లాడే బొమ్మలు వచ్చినాయి. తెర తానే పాడుకుంటుంటే కింద మనుషులెందుకని అందరినీ పంపేసినారు. అదే సమయంలో రబ్బరు ధర పడిపోయి తోటలోంచి మనుషులను ఓడ ఎక్కించి ఇండియా దేశం పంపేస్తున్నారు. అటువంటప్పుడు మాస్టరు ఒక మంచి కబురు పట్టుకొచ్చినారు. కౌలాలంపూరులో ప్రభుత్వం వారి పెద్ద బ్యాండుంది, కవాతుకు వెళితే బ్యాండు, కచేరీకి కూర్చుంటే వయొలిన్లతో కలిసి ఆర్కెస్ట్రా. అందులో రెండో హార్ను చోటు ఖాళీ. ఈస్టరు తరువాత రెండో సోమవారం పరీక్ష.

ఆ సోమవారానికి ఇంకా తొమ్మిది వారాలున్నాయనగా, ఆయన ఎడమ బుగ్గ మమ్మల్ని విడిచి వెళ్ళిపోయింది.

మొదటి వారం

తోట ఆసుపత్రిలో మందులిచ్చే ఆయనను మేమంతా డ్రెస్సర్ అంటాం. మా డ్రెస్సర్ అరుళప్పన్ గారు తమిళుడు. మాతో తమిళం, తెలుగు కలిపి మాట్లాడతారు, మాట చివర మలాయివాళ్ళలా ఒక "లా" తగిలిస్తారు. ఆయన మా ఆయనను కూర్చోబెట్టి, నుదురు ముడవమన్నారు. సగం ముడిచినారు. బుగ్గలు పూరించమన్నారు. ఒక పక్క పూరీలా పొంగింది, రెండో పక్క నుంచి గాలి పోయింది. ఆఖరున కొవ్వొత్తి వెలిగించి జానెడు దూరంలో పెట్టి ఊదమన్నారు. మంట కదలలేదు. మా ఆయన ఎడమ చెవి దగ్గర జుట్టు మాత్రం కదిలినట్టనిపించింది.

"బయపడొద్దమ్మా," అన్నారు డ్రెస్సర్. "పక్షవాతం కాదు. నరం ఒకటి తూంగిపోచ్చు, నిద్రపోయింది. లేస్తుంది లా."

"ఎప్పుడు లేస్తుందండి?"

"అది నన్ను అడిగి పడుకోలేదమ్మా."

ఆయన చీటీ రాసి ఇస్తే క్లాంగ్ పెద్దాసుపత్రికి వెళ్ళినాం. అక్కడి వరండా బెంచీ మీద పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అంత సేపు ఒక వంకర మొహం ఎదురుగా కూర్చుంటే ఎవరు ఊరుకుంటారు? ఒక తమిళ ఆవిడ పావురం నెత్తురు రాయమంది. ఒక చీనా తాత తన మెడ చూపించి సూదులు గుచ్చించుకోమని సైగ చేసినాడు. బెంచీ చివరనున్న ఆయన, జబ్బు ఎడమ పక్క గనక కుడి చెంప మీద గట్టిగా ఒకటి కొడితే సర్దుకుంటుందన్నాడు. కొట్టడానికి తానే సిద్ధమన్నాడు.

మా ఆయన నా చెవిలో అన్నారు: "ఇవన్నీ చేస్తే మొహం బాగవుతుంది గాని, దాని వెనక మనిషి మిగలడు."

ఏ సలహా ఇవ్వనిది ఒక్క మలాయి ముసలమ్మ. ఆయన కాఫీ తాగలేక చొక్కా తడుపుకుంటుంటే లేచి వచ్చి, బొటనవేలితో ఆయన పెదవి ఎడమ మూలను పైకి ఎత్తి పట్టుకుంది. ఆయన తాగినంత సేపూ అలాగే నిలబడింది. తరువాత రెండు అరటిపళ్ళు ఆయన చేతిలో పెట్టి తన చోటికి వెళ్ళి కూర్చుంది. ఆమె భాష నాకు రాదు. దేవుడికి వచ్చును గనక ఆమె సంగతి ఆయనకు ఆ సాయంత్రమే చెప్పినాను.

డాక్టరు మమ్మల్ని చూసినది రెండు నిముషాలు. డ్రెస్సర్ చెప్పినదే చెప్పినారు, ఒక్క మాట ఎక్కువ. "చాలామందికి ఆరెనిమిది వారాల్లో వస్తుంది. కొందరికి రాదు. అంతవరకు బూర ముట్టవద్దు."

తిరిగి వస్తుంటే బస్సులో ఆయన వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకోవడం చూసి, నేను కిటికీ బయటికి చూసినాను.

మార్చి నెల

మా ఇంటి భోజనం అప్పటినుంచి కొత్త పద్ధతిలోకి వచ్చింది. ఆయన తల కుడికి వంచి, ఎడమ బుగ్గ చేత్తో మూసుకొని తినేవారు. మా అత్త ఎదురుగా కూర్చుని, తానే నములుతున్నట్టు తన బుగ్గలు ఆడించేది. ఆ నెలలో ఆమె చేసిన పులుసులో చింతగింజలు వచ్చేవి. "పన్ను ఊడిందనుకున్నాను," అని ఆయన ఒకటి తీసి విస్తరి పక్కన పెడితే, "నీ నోరే సరిగా లేదు, పులుసును అంటావేటి?" అని మా అత్త గదిమింది.

కంటితో ఇంకొక చిక్కు. ఎడమ కన్ను మూతపడదు, కుడి కన్ను మామూలుగానే మూసుకు తెరుచుకుంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళకు కన్ను గీటినట్టుండేది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు మొదటి రోజు కొంగు సర్దుకున్నారు. రెండో రోజు సంగతి తెలిసి, తామే ముందుగా కన్ను గీటి పలకరించడం మొదలుపెట్టినారు. తోట బయట కొట్టు పెట్టుకున్న చీనా ఆయనకు మాత్రం సంగతి తెలియదు. మా ఆయన పంచదార అడిగి కన్ను గీటినప్పుడల్లా, ఇందులో ఏదో రహస్యం ఉందనుకొని కాస్త ఎక్కువ తూచేవాడు. నేను వెళ్ళి సంగతి చెప్పి వచ్చినాను. మా అత్తకు ఆ పని నచ్చలేదు.

గుడిలో కూడా తప్పలేదు. అందరూ కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తుంటే ఆయన ఎడమ కన్ను గుడ్లగూబలా తెరిచి ఉండేది. ఆ పక్కనే కూర్చునే సంఘ పెద్ద యోహాను గారు ఒక ఆదివారం మా ఆయనను బయట ఆపి అడిగినారు.

"సామేలూ, ఇది నీ బొమ్మల ఆట వాయింపుకు వచ్చిన శిక్షేమో అని ఆలోచించినావా?"

"ఆలోచించినానండి. ప్రార్థనలో మీరు గడియారానికి తాళం తిప్పుకోవడం చూసినాక, దేవుడు ఓపిక గలవాడని ధైర్యం వచ్చింది."

తరువాతి ఆదివారం నుంచి యోహాను గారు కుడి పక్కకు మారి కూర్చున్నారు.

ఇవన్నీ ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. అప్పుడు ఇంట్లో నవ్వు రోజురోజుకూ తగ్గింది. మా నాన్న ఇంట్లో ఒక అలవాటుండేది. సాయంత్రం దీపం పెట్టగానే, అన్నానికి ముందు, ఇంట్లో ప్రతి మనిషీ ఆ రోజుకు ఒక్క కృతజ్ఞత దేవుడికి పైకి చెప్పాలి. నిన్న చెప్పినది ఈ రోజు చెప్పకూడదు. పెళ్ళయ్యాక నేను ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకున్నాను. మా అత్తకు అది బాగా నచ్చింది. తాను చేసిన ప్రతి పనీ దేవుడి ఖాతాలో వేసి చెప్పేది. "దేవా, ఈ రోజు కోడి ఎక్కడ గుడ్డు ఎట్టిందో నాకే సూపించినావు, స్తోత్రం." మా ఆయన మొదట్లో బాగానే చెప్పేవారు. మార్చి సగమయ్యేసరికి, "కుడి పక్క ఉంది, స్తోత్రం," అన్నారు. తరువాత, "ఈ రోజు ఎవరూ సలహా చెప్పలేదు, స్తోత్రం." తరువాత ఊరికే "స్తోత్రం."

ప్రతి శనివారం కొవ్వొత్తి. ప్రతి శనివారం అది నిక్షేపంగా వెలుగుతూనే ఉండేది. మూడో శనివారం ఆయన డ్రెస్సర్ గారి గదిలోంచి బయటికి వచ్చి, "ఇందాక అడిగి వచ్చినాను. తూకం షెడ్డులో కూడా ఎవరినీ తీసుకోవడం లేదట," అన్నారు. బూర మా సొంతం కాదు, మిషను బడిది. పరీక్ష తప్పితే తిరిగి ఇచ్చెయ్యాలి. ఓడ ఎక్కేవాళ్ళ జాబితా దొరగారి ఆఫీసులో తయారవుతున్నదని అందరికీ తెలుసు. మా ఆయన ఆ దేశం ఎన్నడూ చూడలేదు.

ఆ మరునాడు నేను మా అత్త మీద విసుక్కున్నాను. ఆమె ఎప్పటిలా తెల్లారగానే వచ్చి, నిద్ర లేవని కొడుకు బుగ్గ తడిమి, "నిన్నటికన్న గట్టిపడినాది," అంది.

"రోజూ అలా నొక్కుతారేటి అత్తా? కళ్ళతో చూస్తే తెలీదా?"

ఆమె చెయ్యి తీసేసింది. మా అత్త ఏమీ అనకపోవడం నేను అంతకు ముందు చూడలేదు గనక అది నాకు గుర్తుండిపోయింది. ఎందుకో మాత్రం అడగలేదు. మా ఇంట్లో అప్పుడు అందరం ఒక్క మొహాన్నే చూస్తున్నాం.

మట్టల ఆదివారం నుంచి

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం, దాని ముందు శనివారం కొవ్వొత్తి ఆరిపోయింది.

గాలికేమో అని డ్రెస్సర్ గారు లేచి కిటికీ మూసి మళ్ళీ వెలిగించినారు. మళ్ళీ ఆరిపోయింది. మూడోసారి వెలిగించబోతే మా ఆయన అగ్గిపుల్లనే ఆర్పేసినారు. డ్రెస్సర్ గారు, "పోదుం, పోదుం, చాలు లా, ప్రభుత్వం అగ్గిపెట్టె ఇది," అంటూ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఈస్టరు నాటికి నవ్వు ముప్పాతిక వంతు వచ్చింది. ఈస్టరు మరునాటి నుంచి రోజుకు కొంచెం కొంచెం ఊదడానికి డ్రెస్సర్ గారు సెలవిచ్చినారు. మొదటి రోజు దూడ అరిచినట్టుంది. రెండో రోజు ఆవు. బుధవారానికి తోటలో ఆవులు షెడ్డు వెనక్కి తిరిగి వచ్చినాయి. గురువారం ఒక పొడుగాటి స్వరం పట్టి అలాగే నిలబెట్టినారు. నేను కొళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా కదలకుండా నిలబడిపోయినాను.

శుక్రవారం ఆయన పరీక్ష కాగితాల కోసం మాస్టరు దగ్గరికి క్లాంగ్ వెళ్ళినారు. బూర ఇంట్లోనే ఉంది. శనివారం పొద్దున్న సంచి విప్పితే బూర బంగారంలా మెరుస్తున్నది.

"ఏటమ్మా ఇది, పెళ్ళికూతురిలా ఉన్నాది?"

"దొరల ముందుకు నల్లబడిన ఇత్తడి ఏనం పట్టుకెల్తావేటి? తోమినాను. నీకేటి?"

ఆయన నవ్వుకుంటూ షెడ్డు వెనక్కి వెళ్ళినారు. నిన్నటి దాకా పలికిన బూర పలకలేదు. గోనెసంచిలో మూటగట్టిన మేక అరిచినట్టు ఏదో వచ్చింది. ఆయన పెదవులు తడుపుకొని మళ్ళీ ఊదినారు. బుగ్గ రుద్దుకొని మళ్ళీ ఊదినారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఊదినారు. ఆవులు వెళ్ళిపోయినాయి.

డ్రెస్సర్ గారి దగ్గరికి పరుగెత్తినాం. కొవ్వొత్తి పెట్టినారు, ఆరింది. మూరెడు దూరంలో పెట్టినారు, ఆరింది.

"మొహం బాగుంది లా."

"మొహం బాగుంటే బూర ఎందుకు పలకదండి?"

"నేను మొహానికే మందిస్తాను తంబీ. బూరకు డ్రెస్సర్‌ని కాను."

ఆ మాటలోనే సంగతంతా ఉంది. మాకు తట్టలేదు. ఆయనకు ఒక్కటే అర్థమైంది: తిరిగి వచ్చిన బుగ్గ కొవ్వొత్తికి చాలుతుంది, బూరకు చాలదు. ఒక వెంట్రుక వాసి తిరిగి రాలేదు. ఇంటికి వచ్చి బూరను గుడ్డలో చుట్టి, నన్ను కాగితం తియ్యమన్నారు.

"మాస్టరు గారికి తెలుగులోనే రాయి, బడిలో ఎవరైనా చదివి చెబుతారు. రాలేనని. బూర సోమవారం బడిలో అప్పజెప్పేస్తానని."

"గారికి నమస్కారాలు" దాకా రాసినాను. తరువాత కలం సాగలేదు. దీపం పెట్టే వేళయ్యిందని లేచినాను. అది సాకే. అయినా ఆ సాకు ఇచ్చినందుకు ఈ రోజుకూ స్తోత్రం చెప్పుకుంటాను.

ముగ్గురం మోకరించినాం. నేను ఆ రోజు ఏదో చెప్పినాను, గుర్తు లేదు. మా ఆయన చెప్పలేదు. ఒక్క "స్తోత్రం" కూడా అనలేదు. కొడుకు వంతు కూడా తానే తీరుద్దామనుకుందేమో, మా అత్త గొంతు పెద్దది చేసి అందుకుంది.

"దేవా, నిన్న నా సేత ఆ బూర పైనే కాదు, కడుపు కూడా కడిగించినావు. సట్టెడు సింతపండు రసం ఆ ఎడల్పు నోట్లోంచి పోసి, ఈ సన్న నోట్లోంచి వొచ్చీదాకా పోసినాను. లోపల నిలిసిపోయిన సెడ్డ గాలంతా కడిగీసినాను. ఇంక నా కొడుకు మొహం మీదకి రాదు. స్తోత్రం నాయినా, ఆమెన్."

ఆమెన్ అనవలసినది ముగ్గురం. అన్నది ఒక్కతే.

ఆయన రెండు కళ్ళూ తెరిచి ఉన్నాయి. ఈసారి జబ్బు వల్ల కాదు.

"అమ్మా. చింతపండు రసం వడకట్టినావా?"

"సేత్తో పిసికి ఏరినాను. నాకు తెలీదేటి?"

ఆయన దీపం దగ్గర గుడ్డ పరిచి బూర విప్పినారు. దాని గొట్టాలు కొన్ని ఊడి వస్తాయి. అన్నీ ఊడదీసి వరసగా పెట్టినారు. నేను నీళ్ళు గోరువెచ్చగా కాచినాను. ఆయన సన్న నోట్లోంచి నీళ్ళు పోసి, వెడల్పు నోరు కిందికి వంచి, పసిపిల్ల వీపు తట్టినట్టు తట్టినారు. ముందు పీచు వచ్చింది, ముద్దగా. తరువాత టక్కుమని ఒక గింజ. ఇంకొకటి. తట్టగా తట్టగా నాలుగో గింజ పళ్ళెంలో పడింది.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. ఏడెనిమిది వారాల నవ్వు ఒక్కసారి వచ్చింది, రెండు పక్కలా వచ్చింది. ఆయన తుడిచి, బిగించి, ఊదినారు. గురువారం నాటి స్వరమే. మా గోడ అవతల నుంచి అప్పన్న, "ఆవు బతికింది," అని అరిచినాడు.

మా అత్త ఒక్కతే నవ్వలేదు. పళ్ళెంలో గింజలను వేలితో ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నది. "ఏరినాను," అంది. "ఏరినాననే అనుకున్నాను."

సోమవారం

మా అత్త కూడా వస్తానంది. ఓడ దిగి ఈ తోటకు వచ్చిన తరువాత ఆమె రైలెక్కడం అదే మొదలు. క్లాంగ్ నుంచి కౌలాలంపూరు దాకా బూర సంచిని ఒళ్ళోంచి దించలేదు. "సెయ్యి మాత్రం ఎట్టకురా," అని దారి పొడుగునా చెప్పింది. "ఎట్టాలమ్మా, ఎట్టకపోతే చోటివ్వరు," అని ఆయన చెప్పినారు. ఆమె ఒప్పుకోలేదు.

బ్యాండు సాధన చేసే పెద్ద సావడి బయట మమ్మల్ని వరండాలో కూర్చోమన్నారు. లోపల పాతిక ముప్పై మంది వాయిద్యాలతో అర్ధచంద్రంలా కూర్చున్నారు. మా ఆయనను హార్నులవాళ్ళ వరసలో ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టినారు. కిటికీ తెరిచే ఉంది. మా అత్త లేచి కిటికీ ఊచలు పట్టుకుంది.

"ఒలే గుంటా. ఆడి పక్కన బూరలోళ్ళు ఎందరున్నారే?"

"ముగ్గురు అత్తా."

"ఆళ్ళూ సెయ్యి ఎట్టినారా?"

"ముగ్గురూ పెట్టినారు."

"మరి ఆళ్ళ మొహాలు ఎలాగున్నాయి? సెప్పు."

కిటికీకి వాళ్ళకు మధ్య పది అడుగులు లేవు. మా ఆయన చొక్కా బొత్తాలు నాకు లెక్కకు వస్తున్నాయి. నేను ఆమె వైపు తిరిగినాను. ఆమె కళ్ళు లోపలికే చూస్తున్నాయి. కాని మా ఆయన కూర్చున్నది కుడి చివర అయితే ఆమె ఎడమ చివరకు చూస్తున్నది. నల్లగుడ్ల మీద పలచటి పాలమీగడ లాంటి పొర ఉంది. అప్పుడు నాకు పులుసులో గింజలు గుర్తుకొచ్చినాయి. రోజూ తెల్లారి ఆ బుగ్గ తడమడం గుర్తుకొచ్చింది. కళ్ళతో చూస్తే తెలీదా అని నేను అన్న మాట గుర్తుకొచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు దారి లేదు.

"తిన్నగా ఉన్నాయి అత్తా," అన్నాను. "ముగ్గురి మొహాలూ తిన్నగానే ఉన్నాయి. ఒకాయన ముసలాయన, జుట్టంతా తెలుపు. ఎన్నేళ్ళుగా వాయిస్తున్నాడో. ఆయన బుగ్గలు కూడా రెండూ సమంగా ఉన్నాయి."

ఆమె తన బుగ్గలు రెండూ తడుముకుంది.

"అయితే గాలి కాదన్నమాట," అంది. "మరి నా కొడుక్కే ఎందుకొచ్చిందే?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మా నాన్న నాకు బైబిలులోని రూతు పేరు పెట్టినది, ఆమెలా నేనూ అత్తను విడిచిపెట్టకూడదనే. ఆ పని నేను అప్పటిదాకా పక్కనే ఉండి కూడా సరిగా చెయ్యలేదు.

లోపల బ్యాండు దొర కర్ర ఎత్తినారు. ముందు ముసలాయన ఒక స్వరం పట్టినారు. దాని కింద, ఒక మెట్టు దిగువన, మా ఆయన బూర వచ్చి చేరింది. రెండో హార్ను పని అదేనని తరువాత తెలిసింది, పై స్వరం కింద చాప పరవడం. ఒకచోట ఎడమ పెదవి అలిసిపోయి స్వరం బీటలు వారింది. ఆయన ఆగలేదు, ఊపిరి తీసుకొని మళ్ళీ అందుకున్నారు. మా అత్త కళ్ళు మూసుకొని వింటున్నది.

"అదీ ఆడిది," అంది. "ముసలోడిది కాదు. కిందిది ఆడిది."

కళ్ళున్న నేను అందరిలో ఆయన స్వరం విడదీయలేకపోయినాను. ఆమె విడదీసింది.

దొర ఆయనను రెండు మూడు ప్రశ్నలడిగినారట. మొహం సంగతి కూడా. మా ఆయన దాచలేదు. ఆరు నెలలు చూస్తామన్నారు. ఆ ఆరు నెలలు అయిపోయి, ఇప్పుడు ఆయన చోటు ఆయనదే. మేము కౌలాలంపూరులో చిన్న ఇంట్లో ఉంటున్నాం. కచేరీ రోజుల్లో బాగా అలిసిపోతే ఎడమ కనుబొమ్మ కొంచెం వెనకబడుతుంది, అంతే. డ్రెస్సర్ అరుళప్పన్ గారు ఈ మధ్య వచ్చి, మా ఇంట్లో కూడా ఒకసారి కొవ్వొత్తి పెట్టించి, ఆర్పించి, అప్పుడు గాని కాఫీ తాగలేదు.

ఇది చదివే అక్కచెల్లెళ్ళకు నా మనవి. మీ ఇంట్లో ఎవరి మొహమైనా ఒక పక్కకు పోతే భయపడకండి, డ్రెస్సర్ మాట వినండి, చాలామందికి బుగ్గ తిరిగి వస్తుంది. కాని అందరూ ఆ ఒక్క మొహం మీదే కూర్చోకండి. ఇంట్లో రెండో మొహం ఏదైనా మసకబారుతుందేమో చూడండి. మా అత్తకు ఇప్పుడు వెలుగూ నీడా తప్ప కనబడదు. డాక్టర్లు చూసినారు, ఆలస్యమైందన్నారు. ఆమె రోజూ సాయంత్రం, కొడుకు పని నుంచి వచ్చే వేళకు గుమ్మంలో కూర్చుని, రెండు చేతులూ చాపి ఆయన మొహం తడిమి చూసుకుంటుంది. ఇప్పుడు నేను ఏమీ అనను.

పులుసు నేనే చేస్తున్నాను. మీరు చింతపండు నానేసినప్పుడు, గింజలు ఏరేటప్పుడు, మా అత్త ఎర్రమ్మను ఒక్కసారి తలచుకోండి. దేవుడి దగ్గర మరియమ్మ అని చెబితే ఆయనకు తెలుస్తుంది.